పదకొండు రోజుల తలుపు

మా ఇంటి ఓనరు పోయిన రోజు పుదుచ్చేరిలో బస్సుల సమ్మె. బాహూరు నుంచి రావలసిన చుట్టాలు మోటారు సైకిళ్ళ మీద ముగ్గురేసి ఎక్కి వచ్చారు. దండలవాడు రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, ఆ ఆలస్యం శవానిదే అన్నట్టు విసుక్కున్నాడు. బస్సులు ఆపడానికి వీళ్ళకి ఈ రోజే దొరికిందా అని పక్కింటావిడ సణిగింది. ఓనరు భార్య ఏడుపు ఆపి, "ఈయన్ని అడిగుంటే ఇంగా రెండు దినాలు ఆపండి అనుంటాడు" అంది. అనేసి మళ్ళీ ఏడుపు అందుకుంది.

ఆవిడ మాటలో అబద్ధం లేదు. ప్రాణం ఉంటే ఆ రోజు ఆయన ఇంట్లో ఉండేవాడే కాదు. బస్టాండు దగ్గర డ్రైవర్లు వేసిన శామియానా కింద, రెండో వరసలో, గుంజ పక్కన కూర్చుని ఉండేవాడు.

నాది యానాం. ఉద్యోగానికని ఈ ఊరొచ్చి, నెల్లితోపులో ఆయన మేడమీద గదిలో దిగాను. వాళ్ళు తరాల కిందట ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదవడం రాదు. నా తెలుగు ఆయనకి మొదటి రోజు నుంచీ నచ్చలేదు. మాటమాటకీ అండీ అంటుంటే మేనేజరు చార్జిషీటు ఇచ్చేముందు మాట్లాడినట్టు ఉంటుందనేవాడు. నా పేరు ఎంత చిన్నదైనా పలికే ప్రయత్నం చెయ్యలేదు. ఉన్నన్నాళ్ళూ నేను ఆయనకి "యానాం"నే. నేను బాబాయ్ అనేవాణ్ణి, ఆవిడని పిన్నిగారూ అనేవాణ్ణి.

ఆయన బట్టల మిల్లులో నేతపని చేశాడు. మిల్లు మూతబడ్డాక కొందరు కాపలా పనులకి పోయారు, కొందరు గుళ్ళకి పోయారు. ఈయన సమ్మెలకి పోయాడు. సొంత సమ్మె లేదు కాబట్టి ఊళ్ళో ఎవరు చేస్తే వాళ్ళది. నర్సులు, బస్సులవాళ్ళు, రేషన్ దుకాణాలవాళ్ళు, కరెంటువాళ్ళు, ఆయనకి తేడా లేదు. పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని, చంకలో ఒక మందపాటి తువ్వాలు పెట్టుకుని బయల్దేరేవాడు. ఆ తువ్వాలు నాలుగు మడతలు వేసి దాని మీదే కూర్చునేవాడు. ఎర్రటోపీ పోలీసులు కూడా ఆయన్ని గుర్తుపట్టి పలకరించేవారు. ఆయన రాకపోతే అది సమ్మె కింద లెక్కలేదని వాళ్ళలో వాళ్ళు నవ్వుకునేవారట.

మొదటి వరసలో ఎందుకు కూర్చోరని ఒకసారి అడిగాను. మొదటి వరస ఫోటోలో పడాలనుకునేవాళ్ళదట. వెనక వరస మధ్యలో లేచిపోయేవాళ్ళదట. రెండో వరసలోవాళ్ళే చివరిదాకా ఉంటారట. గుంజ పక్కన అయితే వీపు ఆనుకోవడానికి బాగుంటుంది, అది మాత్రం సిద్ధాంతం కాదు, నడుంనొప్పి.

రిలే నిరాహార దీక్షలంటే ఆయనకి ప్రత్యేకమైన ప్రేమ. పది గంటలకి కూర్చుని అయిదింటికి పండ్లరసం తాగి లేచే దీక్షలు. తొమ్మిదిన్నరకి పొంగల్, వడ, రెండు కాఫీలు కానిచ్చి దీక్షకి కూర్చునేవాడు. ఇదేం ఉపవాసం బాబాయ్ అంటే, "కడుపు మాడ్చుకోని కూర్చుంటే కోపం కూడా మాడిపోతాది" అనేవాడు. కంజి తొట్టి పెట్టే సమ్మెలు ఇంకా ఇష్టం. ఇక్కడ జీతాలు ఆగిపోయినవాళ్ళు ఆఫీసు గేటు ముందే పొయ్యి పెట్టి, గంజి కాచి, లోపలున్న అధికారులకి కనబడేలా తాగుతారు. ఈయన ఆ గంజి రుచి చూసి, ఉప్పు చాలకపోతే ఈ సంఘం నిలబడదని తేల్చేవాడు. రెండుసార్లు ఆయన జోస్యం నిజమైంది కూడా.

సమ్మెల వల్ల నిజంగా లాభపడింది ఎవరు అని ఎవరైనా వాదన పెట్టుకుంటే, ఆయన మొదట చెప్పే సమాధానం ఒకటే, శామియానా అద్దెకిచ్చేవాడు. రెండోది మైకు సెట్టువాడు. సమ్మె గెలిచినా ఓడినా వీళ్ళిద్దరూ సొమ్ము తీసుకుపోతారు. మరి కార్మికుడికో అని అడిగితే, "నా చేతిమీద మూడు సమ్మెలు అయినాయి. ఒకటి గెలిచినాం. ఒకటి ఓడినాం. మూడోదానిలో ఉండంగా మిల్లే పోయె, ఏమైందో ఇంతవరకు తెలీదు" అనేవాడు. లోపలినుంచి పిన్నిగారు ఆ మూడోదాని ఫలితం తనకి బాగా తెలుసని, రెండేళ్ళు ఇడ్లీలు వేసి అమ్మింది తనేనని గుర్తుచేసేది. సమ్మె కట్టకపోతే మిల్లు నడిచేదని ఆవిడ వాదం. నడపాలనుకున్నవాడు సమ్మెకి బెదిరి మూసుకోడని ఆయన వాదం. ఈ కేసు వాళ్ళింట్లో వారానికి రెండుసార్లు విచారణకి వచ్చేది. తీర్పు ఏనాడూ రాలేదు.

ఇక గెలిచిన సమ్మె సంగతి. అది నా బాత్రూం తలుపు.

మేడమీద ఉన్నవి ఒక గదీ, ఒక బాత్రూమూ. ఆ బాత్రూం తలుపు మిగతా ఇంటికి సంబంధం లేనట్టు ఉండేది. మందమైన చెక్క, నీలం రంగు, నాలుగు వేళ్ళు దూరేంత సందు కింద. పై భాగంలో తెల్ల అంకె ఒకటి సగం చెరిగి ఉంది. గడియ సూటిగా పడదు. మోకాలితో తలుపుని కొంచెం ఎత్తి తొయ్యాలి. నేను దిగిన రోజు ఆయన స్వయంగా నేర్పించాడు, "ఎత్తి తొయ్యప్పా, ఊరికే తోస్తే పడదు" అని. ఆ తర్వాత అక్కడే, బకెట్టు మీద కూర్చుని దాని చరిత్ర చెప్పాడు.

ఆయన పనిచేసిన షెడ్డులో మరుగుదొడ్డికి తలుపు లేదట. పెడితే జనం లోపల కూర్చుని బీడీలు కాలుస్తారని మేనేజరు అనుమానం. అందుకని షెడ్డులో ఒక ఆచారం ఏర్పడింది. లోపల ఉన్నవాడు ఉన్నంతసేపూ దగ్గుతూ ఉండాలి. దగ్గు వినబడితే బయటివాడు ఆగుతాడు. దగ్గు ఆపితే ఖాళీ అని అర్థం. కొత్తగా చేరినవాడికి మగ్గం కంటే ముందు దగ్గడం నేర్పేవారు. గొంతు పోయినవాడికి స్నేహితుడు గుమ్మంలో నిలబడి బదులు దగ్గేవాడు. ఏళ్ళ తరబడి దగ్గి దగ్గి, చివరికి ఒక రోజు ఎవడో మగ్గం ఆపేశాడు. పదకొండు రోజులు సమ్మె. ఇంకేదో పెద్ద కోరిక పెట్టి ఉంటే ఎర్రజెండాలవాళ్ళు పాటలు కట్టేవారు, దొడ్డి తలుపుకి పాట కుదరలేదు. పన్నెండో రోజు మేనేజరు ఒప్పుకున్నాడు. వడ్రంగి వచ్చి తలుపు బిగించాడు.

"కాయితం మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం ఒకణ్ణి పనిలోనుంచి బయట పెట్టినారు," అన్నాడు ఆయన, గడియ మీద చెయ్యి వేసి. ఎవరినండీ అన్నాను. "ఎవడో ఒకడు ఉంటాడు గదా, ముందర మగ్గం ఆపినోడు," అని లేచి వెళ్ళిపోయాడు. మిల్లు మూశాక పాత సామాను వేలం వేస్తే, అందరూ ఇనుముకి ఎగబడితే, ఈయన తలుపు పాడుకుని తోపుడు బండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ రోజు పిన్నిగారు రెండు పూటలు అన్నం వండలేదట.

దగ్గు మాత్రం ఆయన్ని వదల్లేదు. కింద బాత్రూంకి చక్కటి తలుపు ఉన్నా, గడియ వేసుకున్నా, లోపల ఉన్నంతసేపూ దగ్గేవాడు. మొదట్లో నేను క్షయ అనుకుని భయపడ్డాను.

ఇక నా వంతు. ప్రభుత్వం కింద నడిచే ఒక సొసైటీలో నేను కాంట్రాక్టు గుమాస్తాని. మా బాపతు అరవైమందిమి ఉంటాం. ఏటా ఒక కాగితం వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. జీతం ఏ తేదీన పడుతుందో దేవుడికి కూడా ముందు తెలియదు. మాలో సెల్వి అని కదిర్కామం నుంచి వచ్చే ఆవిడ ఉండేది. నాకంటే అయిదేళ్ళు పెద్ద. గట్టిగా మాట్లాడదు, కానీ మాట్లాడిందంటే అటెండరు దగ్గర్నుంచి డైరెక్టరు దాకా వింటారు. ఒక సోమవారం ఆవిడ కుర్చీలోంచి లేచి, ఇక చాలు, గేటు ముందు కూర్చుందాం అంది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, కాస్త గట్టిగానే.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. రెన్యువల్ కాగితం వచ్చే నెల రావాలి. యానాంలో చెల్లెలి నర్సింగు చదువు నా జీతం మీద నడుస్తోంది. తెల్లారాక బాబాయిని మెట్ల దగ్గర పట్టుకుని, సమ్మె చేస్తే అసలు ఏమైనా లాభం ఉంటుందాండీ, ఏమీ ఉండదనిపిస్తోంది అన్నాను. ఆయన తువ్వాలు మడతపెట్టుకుంటూ, "నాను మీ ఆపీసుకాడికే పోతా ఉండా, రా" అన్నాడు. స్నానం చేసి వస్తానన్నాను.

స్నానం చేశాను. రోడ్డు మార్చి, ఆఫీసు వెనక సైకిల్ స్టాండులో బండి పెట్టి, పక్కనున్న చిన్న గేటులోంచి లోపలికి పోయాను. నాలాంటివాళ్ళు ఇంకో నలుగురున్నారు. ఎవరి మొహం ఎవరం చూసుకోలేదు. కర్టెన్లు వేసి ఉన్నాయి. ఏనాడూ మమ్మల్ని పేరుపెట్టి పిలవని సూపరింటెండెంటు ఆ రోజు మాకు తన డబ్బుతో టీ తెప్పించాడు. గేటు ముందు నినాదాలు వినబడుతుంటే నేను కంప్యూటర్లో చిరునామాలు కొట్టుకుంటూ కూర్చున్నాను. సాయంత్రం అదే చిన్న గేటులోంచి బయటపడి, మహా తెలివైనవాణ్ణనుకుంటూ ఇల్లు చేరాను.

మేడ ఎక్కి చూస్తే బాత్రూంకి తలుపు లేదు. గుమ్మానికి కీళ్ళు మాత్రం వేలాడుతున్నాయి.

కిందికి పరిగెత్తాను. తలుపు వాళ్ళ వరండాలో గోడకి ఆనించి ఉంది. బాబాయి దాని పక్కనే కుర్చీ వేసుకుని, స్క్రూలు ఒక గ్లాసులో వేసుకుని కూర్చున్నాడు. తలుపు ఎందుకు తీశారండీ అని అడిగాను.

"పొద్దున నువ్వే గదప్పా చెప్పినావు, సమ్మెతో ఏమీ లాభం లేదని. లేనిదాన్ని ఆడ ఎందుకు తగిలించేది? అందుకే ఇప్పేస్తి."

ఎప్పుడూ ఆయన మీద విరుచుకుపడే పిన్నిగారు ఇప్పుడూ పడింది. పాపం ఆ పిల్లోడు నీళ్ళెట్ల పోసుకునేది అని కేకలేసింది. ఆయన నావైపే చూస్తూ, "దగ్గతాడు" అన్నాడు.

వెనక గేటు దగ్గర నా బండి ఆయనకి కనబడిందని అప్పుడు అర్థమైంది. తిట్టి ఉంటే నేను కూడా నాలుగు మాటలు అనేవాణ్ణి, అద్దె కడుతున్నాను కదా. తిట్టలేదు.

మర్నాడు పొద్దున గుమ్మానికి లుంగీ కట్టి స్నానానికి దిగాను. ఎదురు మేడమీద ఒకావిడ వడియాలు పెడుతోంది. గాలి వచ్చినప్పుడల్లా లుంగీ జెండాలా లేస్తోంది. రెండు చెంబులు పోసుకునేసరికి నాకు తెలియకుండానే దగ్గడం మొదలుపెట్టాను. గొంతులో ఏమీ లేదు, ఊరికే దగ్గు. మెట్ల మీద ఎవరో నడిచినట్టయితే ఇంకా గట్టిగా దగ్గాను. సబ్బు మొహాన పెట్టుకుని, యానాం కాలేజీలో ఫస్టుక్లాసు తెచ్చుకున్నవాణ్ణి, కప్పలా కూర్చుని దగ్గుతున్నాను. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆ సిగ్గు ఎదురింటావిణ్ణి చూసి కాదు. వీళ్ళు ఏళ్ళ తరబడి ఇలా కూర్చున్నారు, ఎవరో ఒకడు లేచి ఆపాడు, ఆ పుణ్యాన నేను ఇన్నాళ్ళూ గడియ వేసుకుని పాటలు పాడుకున్నాను.

ఆ రోజు ముందు గేటుకే వెళ్ళాను. సెల్వి జరిగి చోటిచ్చింది. రెండో వరసలో గుంజ పక్కన తువ్వాలు పరిచి ఉంది, బాబాయి అప్పటికే వచ్చేశాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలుపు దాని చోట అది ఉంది.

మా సమ్మె ఎనిమిది రోజులు నడిచింది. ఫలితం గురించి నిజమే చెప్తాను. పర్మనెంటు చెయ్యమని అడిగితే పరిశీలిస్తామన్నారు, ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉన్నారు. జీతం మాత్రం అయిదో తారీఖు లోపల పడడం మొదలైంది. ఆడవాళ్ళకి ఒక విశ్రాంతి గది ఇచ్చారు. నెల తిరిగాక రెన్యువల్ కాగితాలు వచ్చాయి, చిన్న గేటులోంచి వెళ్ళిన మా అయిదుగురితో సహా అందరికీ. సెల్వికి రాలేదు. ఆ పోస్టు అవసరం లేదని తేలిందట.

అందరం బాధపడ్డాం. ఒక మహజరు రాశాం. తర్వాత అయిదో తారీఖున జీతం పడింది, ఆ బాధ కొంచెం తగ్గింది. మనుషులం.

సెల్వి కబురు చెప్పాక బాబాయి రెండు రోజులు ఏ శామియానా కిందికీ పోలేదు. మూడో రోజు నన్ను పిలిచి, "ఆ బిడ్డ ఇంటికి పోయొచ్చినావా?" అన్నాడు. వెళ్ళి ఏం చెప్పాలండీ అన్నాను. "చెప్పేదానికి ఏముండాది. పో, కూర్చో, కాపీ ఇస్తే తాగు, వొచ్చేయి. అంతే యానాం." వెళ్తానన్నాను. ప్రతి ఆదివారం వెళ్దామనుకున్నాను. రెండేళ్ళు ఆదివారాలు వచ్చి పోయాయి. ఆయన మళ్ళీ అడగలేదు. కానీ నెలకోసారి, ఊళ్ళో ఏ సమ్మె లేకపోయినా, ఉతికిన చొక్కా వేసుకుని తువ్వాలు లేకుండా ఎక్కడికో వెళ్ళొచ్చేవాడు. నేను గుళ్ళో చేరాడేమో అనుకున్నాను.

పదహారో రోజు కర్మకి ఇల్లంతా జనం. బస్సుల సమ్మె అప్పటికి తేలిపోయింది, బాహూరు వాళ్ళంతా దర్జాగా టికెట్లు తీసుకుని వచ్చారు. నేను భోజనాల దగ్గర నీళ్ళు పోస్తుంటే గుమ్మంలో సెల్వి కనబడింది. కాస్త చిక్కింది. కదిర్కామంలో మందుల దుకాణంలో చేస్తున్నానంది. నన్ను చూసి మామూలుగానే నవ్వింది, నాకే ఎటు చూడాలో తెలియలేదు. ఆవిడ తిన్నగా పిన్నిగారి దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకుని కూర్చుంది. ఇద్దరికీ చాలాకాలంగా తెలిసినట్టు ఉంది.

మీకు ఈ అక్క ఎలా తెలుసండీ అని పిన్నిగారిని అడిగాను.

"నెలకొకతూరి ఈయన పోతా ఉండె గదప్పా వీళ్ళింటికి. మురుకులు చేసియ్యి అని నా పానం తీసేవాడు." ఆవిడ ముక్కు తుడుచుకుంది. "ఈయన్నీ అట్లే గదా తీసేసినారు, ఆ తలుపు సమ్మెలో. రెండేండ్లు ఎవురూ ఇంటికి రాలే. అది మనసులో ఉండె ఆయనకు."

నేను జగ్గు కింద పెట్టాను. బయట పెట్టిన ఆ ఒక్కడు ఆయనేనా అన్నాను.

"ఇంగెవురు? తిరిగి తీసుకుండ్రిలే. అయితే వేరే షెడ్డులో వేసిరి. ఆడ తలుపు లేదు." ఆవిడకి ఏడుస్తూనే నవ్వొచ్చింది. "మిల్లు మూసేదాక ఆ తలుపెనక ఒక్క దినం కూడా కూర్చోలే, ఆ మనిషి. కొనుక్కోనొస్తివి గదా, మన బాత్రూంకి పెట్టుకో అంటి. మనకు ఉండాది లే, పైన అద్దెకొచ్చేటోళ్ళకు ఉండనీ అనె."

ఆయన సమ్మెల మీద ఏడేళ్ళలో ఎన్ని జోకులు వేశానో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. శామియానావాడి లాభం అనే జోకు ఆయనది, దానికి అందరికంటే గట్టిగా నవ్వింది నేను.

సెల్వి లేచి, కొంచెం బాత్రూంకి వెళ్ళాలని పిన్నిగారి చెవిలో అడిగింది. కింద బాత్రూం నిండా వంట గిన్నెలు. పిన్నిగారు నావైపు చూసి, "పైకి పిల్చకపో" అంది.

మెట్లెక్కుతుంటే నేను రాలేకపోయానక్కా అన్నాను. తెలుసులే, పెద్దాయన చెప్పేవాడు, వస్తాడు వస్తాడు అని, అంది సెల్వి.

ఆవిడ లోపలికి వెళ్ళింది. నీలం తలుపు మూసుకుంది గానీ గడియ పడలేదు. రెండుసార్లు తోసిన చప్పుడైంది. బయట నేనున్నానని గుర్తొచ్చిందేమో, లోపలినుంచి మెల్లగా దగ్గు వినిపించింది.

"ఊరికే తోస్తే పడదక్కా," అన్నాను. "మోకాలితో కొంచెం ఎత్తి తొయ్యి."

గడియ పడింది. దగ్గు ఆగిపోయింది.